దేవుడి మీద నమ్మకం పోయింది. నాన్న సంవత్సరీకం చేయాలా, వద్దా?

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. వయసు 27. శ్రీకాకుళంలో అద్దెకుంటూ ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. నిరుడు నాన్న గుండెజబ్బుతో విశాఖ ఆసుపత్రిలో ఉన్నప్పుడు అమ్మ పైడితల్లి అమ్మవారికీ, అరసవల్లి స్వామికీ, సింహాద్రి అప్పన్నకూ మొక్కింది. నాన్న దక్కలేదు. కాలేజీ రోజుల నుంచే నాకు అనుమానాలుండేవి, ఆ తర్వాత నమ్మకం పూర్తిగా పోయింది. వచ్చే నెలలో సంవత్సరీకం. నేను పెద్దకొడుకుని, ఒక తమ్ముడున్నాడు. నమ్మకుండా పిండం పెడితే మోసం చేసినట్టుంటుంది. పెట్టనంటే అమ్మ తట్టుకోలేదు. మా బావ 'దేవుడు లేడని నిరూపించు, అరసవల్లిలో కిరణాలు స్వామి పాదాల మీద ఎందుకు పడుతున్నాయో చెప్పు' అంటాడు. జవాబు తోచదు. నేను నాస్తికుణ్ణా, అజ్ఞేయవాదినా అన్నదీ తేలట్లేదు. ఏడాది వెళ్లాక సంబంధాలు చూస్తామంటున్నారు. దేవుణ్ణి నమ్మనంటే పెళ్లికీ, ఆస్తికీ, సర్టిఫికెట్లకీ ఇబ్బందులొస్తాయా? (పేరు రాయొద్దన్న పాఠకుడు, విజయనగరం జిల్లా)

జవాబు: మీ ఉత్తరంలో మూడు విషయాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. దేవుడున్నాడా అన్నది ఒకటి. నాన్నగారి విషయంలో, అమ్మ విషయంలో మీరేం చేయాలన్నది రెండోది. చట్టం మిమ్మల్ని ఎలా చూస్తుందన్నది మూడోది. మొదటిదానికి ఏ జవాబు దొరికినా రెండోది దానంతటది తేలిపోదు. ఇళ్లలో జరిగే గొడవల్లో చాలావాటికి ఈ కలగాపులగమే కారణం: కొడుకు దేవుడి గురించి మాట్లాడుతున్నాననుకుంటాడు, తల్లికి అది చనిపోయిన భర్త గురించి మాట్లాడినట్టు వినిపిస్తుంది. మూడింటిలో గడువున్నది సంవత్సరీకానికే కాబట్టి ముందు అది చూద్దాం.

సంవత్సరీకంలో ఏమేం ఉంటాయో విడదీసి చూడండి. చుట్టాల్నీ ఊరివాళ్లనీ పిలిచి భోజనం పెడతారు. నాన్న పేరు మీద దానం ఇస్తారు. ఆయనకిష్టమైనవి వండి, ఫోటో దగ్గర పెట్టి తలుచుకుంటారు. ఆ తర్వాత మీ ఇంటి ఆనవాయితీ ప్రకారం బ్రాహ్మలో, దాసర్లో, జంగాలో వచ్చి కర్మ చేయిస్తారు. మొదటి మూడింటికీ పరలోకం మీద నమ్మకం అక్కర్లేదు, తండ్రి మీద ప్రేమ ఉంటే చాలు. వాటిని మీరు మనస్ఫూర్తిగా చేయవచ్చు, పూనుకుని చేయండి కూడా. చిక్కల్లా కర్మ దగ్గరే.

అక్కడ మీకు మూడు దారులున్నాయి. తమ్ముడు కూర్చోవడం ఒకటి. పెద్దకొడుకుండగా చిన్నవాడేంటని నలుగురూ అడుగుతారు, ఆ మాట పడేది మీరు కాదు, అమ్మ. తమ్ముడికి నిజంగా నమ్మకం ఉండి, చేయించే పెద్దలు ముందే ఒప్పుకుని, అమ్మకు అభ్యంతరం లేకపోతేనే ఈ దారి పనికొస్తుంది. అసలు చేయకపోవడం మరొకటి. మీ స్థితి అమ్మకు ముందే చెప్పి, మీరే కూర్చోవడం మూడోది.

మా సలహా మూడోదే. మోసమంటే ఎదుటివాళ్లకు తప్పుడు నమ్మకం కలిగించడం. అమ్మకు సంగతి తెలిశాక మీరు ఎవర్నీ నమ్మించడం లేదు. చేయించే పంతులుగారు మీ గోత్రం, నాన్నగారి పేరు అడుగుతారు, మీ నమ్మకాన్ని అడగరు. ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. వైదిక కర్మల్ని అందరికంటే గట్టిగా సమర్థించిన మీమాంసకులే సృష్టికర్తను ఒప్పుకోలేదు. 7వ శతాబ్దికి చెందిన కుమారిలభట్టు, లోకాన్ని ఒక దేవుడు దయతో సృష్టించాడన్న వాదాన్ని నేరుగా ఖండించాడు. సృష్టికి ముందు ప్రాణులే లేనప్పుడు దయ ఎవరి మీద, దయతోనే చేస్తే ఇంత దుఃఖం ఎందుకు అన్నది ఆయన అభ్యంతరం. కర్మ చేయడానికీ, ఈశ్వరుణ్ణి నమ్మడానికీ ముడి తప్పనిసరి కాదని ఈ దేశంలో చాలాకాలం కిందటే అనుకున్నారు.

ఒక్కచోట మాత్రం గట్టిగా నిలబడండి. ఊరంతటికీ భోజనాలంటూ అప్పు చేయాల్సి వస్తే ఒప్పుకోకండి. ఆసుపత్రి ఖర్చుల తర్వాత వచ్చే సంవత్సరీకం అప్పు ఏళ్ల తరబడి తీరదు, చివరికి ఆ భారం అమ్మ మీదే పడుతుంది. నమ్మకం ఉన్న కొడుకు కూడా చెప్పాల్సిన మాటే ఇది.

అమ్మతో ఎప్పుడు, ఎలా మాట్లాడతారన్నది చాలా ముఖ్యం. కనీసం రెండు మూడు వారాల ముందు, చుట్టాలెవరూ లేనప్పుడు, పనులు తెమిలాక కూర్చుని చెప్పండి. కార్యం ముందురోజు గానీ, బావ ముందు గానీ, ఫోన్లో గానీ వద్దు. 'నాస్తికుడు' అన్న మాటతో మొదలుపెట్టకండి. ఆ మాట వినగానే కొడుకు చెడు సావాసాల్లో పడ్డాడనో, ఎవరో ఏదో చేశారనో అనుకుని మిమ్మల్ని గురుడి (భూతవైద్యుడి) దగ్గరికి తీసుకెళ్లాలని చూస్తారు. ముందు మీరేం చేస్తారో చెప్పండి, ఏం నమ్మరో తర్వాత చెప్పండి. ఇలా అనవచ్చు: 'అమ్మా, నాన్న పేరు మీద జరగాల్సిందేదీ ఆగదు. నేనే కూర్చుంటాను. కానీ ఇవి నాన్నకు చేరతాయని నాకు నమ్మకం కుదరట్లేదు. నీ దగ్గర నటించడం ఇష్టంలేక చెబుతున్నాను.' అంతే, ఆపేయండి. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి, కోప్పడితే విని ఊరుకోండి. 'నీ మొక్కులు నాన్నను బతికించాయా' అన్న మాట మాత్రం ఎంత కోపంలోనూ అనవద్దు. తన భక్తిలో లోటు వల్లే భర్త పోయాడేమోనని ఆమె ఇప్పటికే కుమిలిపోతుండవచ్చు. 'కొన్నాళ్లకు మళ్లీ నమ్ముతాలే' అని ఓదార్పుకి మాట ఇవ్వడమూ తప్పే, ప్రతి పండక్కీ ఆ మాట గుర్తుచేస్తారు. చెబితే ఇంట్లోంచి వెళ్లగొట్టే, చేయి చేసుకునే పరిస్థితి ఉన్నవాళ్లకు మా సలహా వేరు: సొంత కాళ్ల మీద నిలబడేదాకా ఆగండి, ఆగడం పిరికితనం కాదు. మీకు ఉద్యోగం ఉంది, ఉత్తరాన్ని బట్టి అమ్మ అలాంటి మనిషీ కాదు.

ఇక నమ్మకం సంగతి. మీరు దాన్ని పోగొట్టుకున్న తీరును కొంచెం జాగ్రత్తగా చూడాలి. దుఃఖంలో పోయిన నమ్మకం దుఃఖం తగ్గాక తిరిగొస్తుంది, ఇంకో దుఃఖంలో మళ్లీ పోతుంది. ఇలా ఊగడం సిగ్గుపడాల్సిన విషయం కాదు గానీ, దాని ఆధారంగా జీవితాంతం నిలిచే నిర్ణయాలు తీసుకోకూడదు. కాలేజీ రోజుల నాటి అనుమానాలు ఏవో కాగితం మీద రాసుకోండి. నాన్నగారు బతికి ఇంటికొచ్చి ఉంటే వాటిలో ఏవి మిగిలేవో గుర్తుపెట్టండి. మిగిలినవే మీ అసలు కారణాలు.

మొక్కు తీరకపోవడం దేవుడు లేడనడానికి రుజువా? ఏ దేవుడన్నదాన్ని బట్టి ఉంటుంది. అడిగినవాళ్ల రోగం నయం చేసే దేవుడైతే, ఆ మాటను పరీక్షించవచ్చు. అమెరికాలో గుండెకు బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1802 మంది మీద అలాంటి పరీక్ష జరిగింది, ఫలితాలు 2006లో వచ్చాయి. తమకోసం ప్రార్థన జరుగుతోందో లేదో తెలియని రెండు గుంపుల్లో, ప్రార్థన జరిగినవాళ్లలో 52 శాతం మందికి, జరగనివాళ్లలో 51 శాతం మందికి ఆపరేషన్ తర్వాత చిక్కులొచ్చాయి. ప్రార్థన జరుగుతోందని తెలిసిన మూడో గుంపులో 59 శాతం. అంటే అపరిచితులు దూరం నుంచి చేసిన ప్రార్థనతో రోగికి మేలు కనబడలేదు. ఈ పరీక్ష అంతవరకే చెబుతుంది. కోరికలు తీర్చడం దేవుడి పని కాదనేవాళ్లకూ, నిర్గుణ బ్రహ్మాన్ని (ఏ రూపం, గుణం లేని పరమసత్యాన్ని) నమ్మేవాళ్లకూ ఇది తగలదు. వాళ్ల మాటను ఏ ఆసుపత్రి లెక్కలతోనూ తేల్చలేం. మీరు వాదించేటప్పుడు ఎదుటివాళ్లు నమ్మే దేవుడెవరో ముందు అడగండి. అడగకుండా మొదలైన వాదన ఎంతసేపు సాగినా ఇద్దరూ వేర్వేరు విషయాలు మాట్లాడుతూనే ఉంటారు.

మీ బావగారి అరసవల్లి ప్రశ్నకు చక్కటి జవాబుంది. కిరణాలు పాదాలను తాకేది ఏటా మార్చి రెండో వారం మొదట్లోనూ, అక్టోబరు మొదటి రోజుల్లోనూ. ఆ రెండు తేదీల ప్రత్యేకత లెక్కలో తెలుస్తుంది. డిసెంబరు 21 ప్రాంతంలో సూర్యుడు దక్షిణం కొసకు చేరి వెనక్కి మళ్లుతాడు. మార్చి 10 దానికి 79 రోజుల తర్వాత, అక్టోబరు 2 దానికి 80 రోజుల ముందు. ఈ రెండు రోజుల్లోనూ సూర్యుడు ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు నేరుగా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకు) దక్షిణంగా దాదాపు 4 డిగ్రీల దగ్గరే ఉంటాడు కాబట్టి ఆకాశంలో ఒకే చోట ఉదయిస్తాడు. ఆ దిక్కుకు సూటిగా దారి ఉన్న గుడిలో వెలుగు గర్భగుడి దాకా వెళ్లేది ఏడాదికి ఆ రెండు విడతలే. మబ్బు పడితే ఆ ఏడాది కిరణాలు తాకవు, ఎదురుచూసిన భక్తులు నిరాశతో వెళ్లడం శ్రీకాకుళం వాళ్లందరికీ తెలుసు. ఇది కట్టినవాళ్ల పరిజ్ఞానం, దాన్ని మెచ్చుకోవడానికి ఆస్తికులో నాస్తికులో అయి ఉండక్కర్లేదు. దయచేసి దీన్ని 'కాబట్టి దేవుడు లేడు' అనడానికి వాడకండి. గుడి ఎలా కట్టారో తెలిసినంత మాత్రాన ఆ ప్రశ్న ఎటూ తేలదు. అద్భుతమని బావగారు అనడం ఎంత తొందరపాటో, అది కూడా అంతే.

'లేడని నిరూపించు' అన్నదానికి: ఒకటి ఉందని చెప్పేవాళ్లే ఆధారం చూపాలి. అయితే మీరు 'ముమ్మాటికీ లేడు' అన్నారంటే అదీ ఒక ప్రకటనే, దానికి మీరూ ఆధారం చూపాల్సి వస్తుంది. 'ఇప్పటిదాకా విన్న కారణాలు నాకు చాలలేదు' అంటే అంత బరువు ఎత్తుకోనక్కర్లేదు. ఆస్తికుల కారణాలు కూడా తేలికపాటివి కావు, అది తెలియకుండా వాదనకు దిగితే ఓడిపోతారు. సుమారు వెయ్యేళ్ల కిందటి నైయాయికుడు (న్యాయమనే తర్కశాస్త్ర పండితుడు) ఉదయనుడు కుండకు కుమ్మరి ఉన్నట్టే, ఏదో కారణం వల్ల పుట్టిన ఈ లోకానికీ ఒక కర్త ఉండాలని పకడ్బందీగా వాదించాడు. బౌద్ధుల ఎదురుదాడి ఇది: కుండలు చేసే కుమ్మరిని చూశాం కాబట్టి కుండను చూసి కుమ్మరిని ఊహిస్తాం, కొండలు చేసేవాణ్ణి ఎవరూ చూడలేదు, పైగా ఆ పోలిక నిజమైతే కర్తకు ఒళ్లూ చేతులూ ఉండాలి, ఒక్కడే అయి ఉండాలన్న నియమమూ లేదు. ఈ వాదనలు ఎక్కడో దూరదేశంలో పుట్టినవి కావు. వంశధార ఒడ్డున శాలిహుండంలో, మీ జిల్లా రామతీర్థం పక్కన గురుభక్తుల కొండ మీద ఇప్పటికీ కనిపించే విహారాల శిథిలాలు, సృష్టికర్త అవసరం లేదన్న మతం వాళ్లవే. రామతీర్థం కొండల్లో జైనుల ఆనవాళ్లూ ఉన్నాయి, వాళ్లూ సృష్టికర్తను ఒప్పుకోరు. దేవుణ్ణి ప్రశ్నించడం పరాయి బుద్ధి అని ఎవరైనా అంటే, సెలవురోజు వాళ్లను ఆ కొండ ఎక్కించండి.

మీరు నాస్తికులా, అజ్ఞేయవాదులా? రెండు ప్రశ్నలు వేసుకోండి. దేవుడున్నాడని నమ్ముతున్నానా? ఉన్నదీ లేనిదీ మనిషికి తెలిసే వీలుందా? మొదటిదానికి 'లేదు' అంటే నాస్తికత, రెండోదానికి 'లేదు' అంటే అజ్ఞేయత. రెండింటికీ 'లేదు' అనేవాళ్లు బోలెడుమంది, అందులో వైరుధ్యం లేదు. నమ్ముతాను గానీ అది మనిషికి తెలిసేది కాదు అనే భక్తులు కూడా ఈ లెక్కన అజ్ఞేయవాదులే. ఇంగ్లిష్‌లో అజ్ఞేయవాదానికి పేరు పెట్టింది 1869లో థామస్ హక్స్‌లీ. ఆ వైఖరి మాత్రం బుద్ధుడి కాలంలోనే ఉంది. పరలోకం ఉందనీ అనను, లేదనీ అనను అన్న సంజయ బేలట్ఠిపుత్తుడు అప్పటివాడే. మీ ఉత్తరాన్ని బట్టి కోరికలు తీర్చే దేవుడి విషయంలో మీరు నాస్తికులు, అంతకు మించినదాని గురించి ఇంకా ఆలోచించలేదు. పేరు ఇప్పుడే పెట్టుకోవాలన్న తొందరేమీ లేదు.

'నువ్వు ఇక్కడ పుట్టావు కాబట్టి ఇది నమ్ముతున్నావు' అని చుట్టాలతో అనకండి. నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో చెబితే అది తప్పని తేలదు. నమ్మకాలు ఎందుకు గట్టిపడతాయో గమనించడం మాత్రం మంచిది. పచ్చకామెర్ల పసరునే తీసుకోండి. మన దగ్గర కామెర్లు చాలావరకు నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రకాలు. పసరు తాగినా తాగకపోయినా ఎక్కువమందికి కొన్ని వారాల్లో అవే తగ్గుతాయి. తగ్గినవాళ్లు ఊరంతా చెబుతారు, గర్భిణికి హెపటైటిస్ ఇ వచ్చి ప్రాణం మీదికొచ్చిన ఇంట్లో అది విధి అంటారు. పాముకాటు మంత్రమూ ఇంతే: విషం లేని పాములే ఎక్కువ, విషమున్నది కరిచినా ఒక్కోసారి విషం ఎక్కదు. అలా బతికినవాళ్లు మంత్రానికి సాక్షులవుతారు. కట్లపాము కాటుకి నొప్పి, వాపు పెద్దగా ఉండవు, మంత్రగాడి దగ్గర తెల్లవారేలోపు ఊపిరి ఆగిపోవచ్చు. మొక్కులు నిలబడేదీ ఇలాగే, తీరినవే గుర్తుంటాయి. అయితే మీ అమ్మగారి భక్తికి ఇదొక్కటే కారణమని అనుకోవద్దు. ఆపద వచ్చినప్పుడు చేతికి ఒక పని, తోడుగా నలుగురు మనుషులు, ఏడవడానికి ఒక చోటు అక్కడ దొరికాయి. వాటిని తీసేసి మీరు బదులుగా ఇవ్వగలిగేది ఏదో ఆలోచించకుండా ఆమె నమ్మకంతో తలపడకండి.

ఊరుకోవాల్సిన నమ్మకాలూ, ఊరుకోకూడని నమ్మకాలూ ఉన్నాయి. విజయదశమి వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం చూడ్డానికి అమ్మను విజయనగరం తీసుకెళ్లండి. మూడులాంతర్ల దగ్గర జనంలో ఆమె చేయి పట్టుకుని నిలబడటానికి నమ్మకంతో పనిలేదు. ఎవరి మీదైనా చిల్లంగి (చేతబడి) పెట్టిందన్న నింద పడితే మాత్రం, అది మీ ఇంటివాళ్ల నోటి నుంచి వచ్చినా సరే, ఊరుకోకండి. మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఆ నింద మనుషుల ప్రాణాలు తీసింది. దాడి జరిగేలా ఉంటే వాదించుకుంటూ కూర్చోకుండా 112కి ఫోన్ చేయండి. పాముకాటుకి 108 పిలిచి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి, మంత్రం వద్దని పోట్లాడి ఆలస్యం చేయకండి. మంత్రగాణ్ణి కావాలంటే వాళ్లు బండిలో ఎక్కించుకోనివ్వండి, బండి మాత్రం ఆసుపత్రికే వెళ్లాలి.

చట్టం విషయంలో మీ భయాలు చాలావరకు అక్కర్లేనివి. రాజ్యాంగం 25వ అధికరణ ఇచ్చే అంతరాత్మ స్వేచ్ఛలో నమ్మకపోవడమూ ఉంది. 51ఎ(హెచ్) శాస్త్రీయ దృక్పథాన్ని పెంచుకోవడం పౌరుడి విధి అంటుంది. కోర్టులో సాక్ష్యం చెప్పాల్సి వస్తే దైవసాక్షిగా ప్రమాణం చేయనక్కర్లేదు, 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం నిజమే చెబుతానని ధ్రువీకరిస్తే సరిపోతుంది. ఆస్తికి ఢోకా లేదు. హిందూ వివాహ చట్టం, వారసత్వ చట్టం ముస్లిం, క్రైస్తవ, పార్శీ, యూదులు కానివాళ్లకు మామూలుగా వర్తిస్తాయి, గుడికి వెళ్తున్నారా అని చూడవు. విడాకులకు కారణమయ్యేది వేరే మతంలోకి మారడం, నమ్మకం పోవడం ఆ కిందికి రాదు.

సర్టిఫికెట్ల దగ్గర మాత్రం తొందరపడకండి. మతం గడి నింపమని బలవంతం చేయకూడదని 2014లో బొంబాయి హైకోర్టు చెప్పింది, కులమతాలు లేవని రాసుకునే వీలు కల్పించాలని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. కానీ మీ కులం ఏదో మీరు రాయలేదు. ఎస్సీలైతే, 1950 నాటి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధులకే ఆ హోదా ఉంటుంది. రికార్డుల్లో మతం లేదని మార్పించుకుంటే రిజర్వేషన్ చిక్కుల్లో పడవచ్చు. ఎస్టీలకు ఈ షరతు లేదు. ఏ కులమైనా, ఉద్యోగ పరీక్షలు రాసే వయసులో కాగితం మార్చే ముందు వకీలును అడగండి.

పెళ్లి సంగతి: చూసిన అమ్మాయితో విడిగా మాట్లాడే వీలు దొరికిన మొదటిసారే చెప్పండి. 'నేను పూజలు చేయను, నువ్వు చేసుకుంటే అడ్డురాను, పిల్లలకు పుట్టువెంట్రుకలు తీయించడం లాంటివి ఇద్దరం మాట్లాడుకుని చేద్దాం' అన్నంత స్పష్టంగా ఉండాలి. పెళ్లయ్యాక చెబుదామనుకున్నవాళ్లకు మొదటి శ్రావణమాసంలోనే తగవు మొదలవుతుంది. ముహూర్తం, మంత్రాలు వద్దనుకుంటే, దండలు మార్చుకుని ఫోటో దిగితే పెళ్లయిపోయిందని అనుకోకండి. అలాంటి పెళ్లికి తమిళనాడులో 1967 సవరణ ద్వారా ప్రత్యేక గుర్తింపు ఉంది, ఆంధ్రలో ఆ సవరణ లేదు. ఇక్కడ 1954 ప్రత్యేక వివాహ చట్టమే దారి. మీకు 21, అమ్మాయికి 18 నిండాలి. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలోని వివాహ అధికారికి నోటీసు ఇవ్వాలి. 30 రోజులు అభ్యంతరాల కోసం ఆగుతారు. ఆ తర్వాత ముగ్గురు సాక్షుల ముందు సంతకాలు. నోటీసు ఇచ్చిన 3 నెలల్లోపు పెళ్లి జరగకపోతే మళ్లీ మొదటి నుంచి ఇవ్వాలి. ఇద్దరూ హిందువులుగా పుట్టినవాళ్లైతే, 1976 సవరణ వల్ల ఈ పెళ్లితో ఉమ్మడి కుటుంబం నుంచి వేరుపడినట్టు కాదు, వారసత్వమూ మారదు. మీరు శ్రీకాకుళంలో నోటీసు ఇస్తే, శాశ్వత చిరునామా విజయనగరం జిల్లా కాబట్టి ఒక కాపీ అక్కడి అధికారికి వెళ్లి, ఆ ఆఫీసులోనూ అంటిస్తారు. అందుకని నోటీసు ఇచ్చే ముందే అమ్మకు చెప్పండి, ఊరివాళ్ల నోటి నుంచి ఆమెకు తెలియకూడదు.